తర్పల్లి కార్డు

గుమస్తాను చంపడానికి రెండు బుల్లెట్లు సరిపోయాయి. మూడోది అతని గొడుగులో దూరింది. నిన్న మధ్యాహ్నం, పట్టపగలు, బస్‌స్టాప్‌లో.

ఈ ఉదయం పదింటికి ఆ గొడుగు చీఫ్ టేబుల్ మీద ఉంది.

"ముప్పై ఏళ్ళు లువియన్ భాష డిక్షనరీకి కార్డులు రాశాడు," అన్నాడు చీఫ్. "మన సైఫర్ క్లర్క్ అని పెళ్ళానికి కూడా తెలీదు. సరిహద్దు అవతల మన ఏజెంట్లు పదకొండు మంది. వాళ్ళ పేర్లు పదకొండు కార్డుల మీద సంకేతంలో రాసి, నలభై వేల కార్డుల్లో కలిపేశాడు. ఆ కార్డుల మీదున్నవి దొంగ పదాలు. లువియన్ వచ్చినవాళ్ళకే పట్టుబడతాయి."

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ కోడ్‌నేమ్ బొంగరం. ఒక చోట నిలవడని ఆ పేరు పెట్టారు. హిట్టైట్ రాజుల కాలంలో మాట్లాడి, ఎప్పుడో చచ్చిపోయిన ఆ భాషను అతను రెండేళ్ళు చదివి వదిలేశాడు. చదివించింది మేనత్త. ఆ డిక్షనరీ గది ఆవిడదే.

"ఆ కార్డులేవో మీ అత్త చెప్పనంటోంది. నా ఆఫీసులోనే ద్రోహి ఉన్నాడట! పన్నెండింటికి గదికి నిప్పు పెట్టిస్తాను. శత్రువు చేతిలో పడేకంటే బూడిదవడం మేలు."

"ఆవిడ బతుకంతా ఆ గదే, సార్."

"పదకొండు బతుకుల కంటే ఎక్కువా?"

"రెండూ దక్కిస్తాను."

"నేనిచ్చిన ఆర్డర్ అది కాదు."

"తెలుసు," అన్నాడు బొంగరం, తలుపు తీస్తూ.

పదకొండింటికి చెదలమందు కొట్టేవాడి వేషంలో అతను డిక్షనరీ గదిలో అడుగుపెట్టాడు. వీపున సిలిండర్. అందులో మత్తు గ్యాస్. గోడల పొడవునా చెక్క సొరుగులు, బంక వాసన, కొసదాకా చెక్కిన పెన్సిళ్ళు.

అత్త కళ్ళజోడు మీంచి చూసింది. "మందు కొట్టేవాడికి ఇస్త్రీ బట్టలేమిట్రా? దండగ చదువని పోయి, పురుగుల్ని చంపుతున్నావన్నమాట."

"అత్తా, పన్నెండుకి తగలబెడతారు."

"నన్నూ కలిపి తగలబెట్టమను. నా గుమస్తాను ఎవడో అమ్మేశాడు. వాడెవడో తేలేదాకా ఒక్క కార్డు చూపించను."

కిటికీ దగ్గర మేడమ్ కూర్చుని ఉంది. పట్టు చీర, చేతులకు గ్లోవ్స్, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్. విరాళాలిచ్చే ఫౌండేషన్ ప్రతినిధిగా నటిస్తూ, చీఫ్ తరపున నిన్నటినుంచి గదికి కాపలా.

"వాన పడేలా ఉంది," అన్నాడు బొంగరం.

"పడనీ, కొత్త చెప్పులు కావు," అంది మేడమ్. కోడ్ సరిపోయింది. ఆమె విసుగ్గా సొరుగులకేసి చెయ్యి ఊపింది. "ఈ కోడిగీతలు చూస్తే నాకు తలనొప్పి. ఒక్క ముక్క అర్థం కాదు."

శిక్షణలో ఏజెంట్లకు డబ్బు, భయం, ప్రేమ అనే మూడు బలహీనతల గురించి నేర్పుతారు. నాలుగోది బొంగరానికి ఈ గదిలోనే తెలిసింది. ఆ రోజుల్లో అతను తప్పు రాసిన కార్డు బల్లమీద పదినిమిషాలు కూడా ఉండేది కాదు. ఎవరో ఒకరు తప్పును చెరపకుండా ఒక్క గీత కొట్టి, పక్కన పెన్సిల్‌తో సరైనది రాసేవాళ్ళు. భోజనం మధ్యలో లేచొచ్చి మరీ.

అతను ఖాళీ కార్డు తీసి రాశాడు. 'తర్పల్లి. హిట్టైట్ పలకల్లో కనిపించే మాట. అర్థం: కోట కాపలాదారు. మూలం: తెలియదు.' దాన్ని బల్ల మధ్యలో పెట్టాడు.

"తర్పల్లా?" మేడమ్ తొంగిచూసి నవ్వింది. "ఆ ఊరికి బస్సుందా?"

అత్త చెయ్యి అప్పుడే పెన్సిల్ మీద పడింది. బొంగరం బల్లకింద ఆవిడ కాలు తొక్కాడు.

"టీ తాగొద్దాం రా అత్తా."

క్యాంటీన్‌లో ఆవిడ గ్లాసు ముట్టలేదు. "అలాంటి రాత అక్కడ వదిలేసి వచ్చానంటే, నీమీద నాకెంత నమ్మకమో చూడు. హిట్టైట్ లేఖకులు నయంరా. లువియన్ మాట రాసేముందు చిన్న మేకు గుర్తు పెట్టేవాళ్ళు, ఇది మాది కాదని. అన్నిసార్లూ పెట్టలేదనుకో. పెట్టని చోటే మా పాట్లన్నీ."

బొంగరం తన ఖాకీ చొక్కాకేసి చూసుకున్నాడు. పదహారేళ్ళుగా ఆ గుర్తు కనపడకుండా బతకడమే అతని ఉద్యోగం. లోపల అది ఉందో లేదో ఈమధ్య అతనికే తెలియడం లేదు.

పన్నెండుకి పది నిమిషాలుందనగా తిరిగొచ్చారు. మేడమ్ ఒక్కతే ఉంది. కార్డు మీద అర్థానికి అడ్డంగా ఒక్క గీత. పక్కన సన్నటి పెన్సిల్ రాత. 'కాదు. కీడు తగలబోతే రాజుకు బదులుగా నిలబెట్టే మనిషి. లువియన్ నుంచి వచ్చిందని చాలామంది. హురియన్ అని కొందరు.'

"తలనొప్పి తగ్గినట్టుంది, మేడమ్."

ఆమె లిప్‌స్టిక్ తీసింది. దాని మూత తిప్పితే చిన్న తుపాకీ గొట్టం.

"కాపలాదారట! అలా రాసి వదిలెయ్యడానికి సిగ్గులేదూ?" ఆమె గొంతులో నిజమైన కోపం. "నిన్నటినుంచి ఏరిన పదకొండు కార్డులూ బ్యాగ్‌లో ఉన్నాయి. పన్నెండుకి గది కాలిపోతుంది. ఏవి పోయాయో ఎవరికీ తెలీదు. మీ ఇద్దరూ ఎలా పోయారో కూడా."

కారిడార్‌లో పెట్రోలు డబ్బాల చప్పుడు. బొంగరం సిలిండర్ మీట నొక్కాడు. సర్వీసు ఇచ్చిన గాడ్జెట్, ఎప్పటిలాగే, తుస్సుమంది.

అత్త సొరుగు లాగి, రెండు చేతులా ఎత్తి విసిరింది. తుపాకీ గురి పైకప్పుకు తిరిగి పేలింది. తొమ్మిది వందల కార్డులు గాల్లోకి లేచాయి. బొంగరం ఒక్క దూకులో మేడమ్ చేతులు విరిచిపట్టి, ఫోన్ అందుకున్నాడు.

"చీఫ్, ఆపించండి! ద్రోహి మీ మనిషే. కార్డులు దొరికాయి."

గడియారం పన్నెండు కొడుతోంది. గుమ్మంలో నిలబడ్డవాడు వెలిగించిన అగ్గిపుల్ల ఆర్పడానికి ఫోన్‌లోంచి వినిపించిన చీఫ్ కేక సరిపోయింది.

అత్త ఫోన్ లాక్కుంది. "నా గుమస్తా సగం పని వదిలిపోయాడు. ఈ భాష వచ్చినవాళ్ళు ఎంతమందున్నారనుకున్నారు? చంపించినవాళ్ళే పూర్తి చెయ్యాలి. మీ జైల్లో బల్ల, దీపం ఉంటాయి కదా? రోజుకి నలభై కార్డులు పంపిస్తాను. అవి అయ్యేదాకా ఉరి వాయిదా వెయ్యండి."

బొంగరం సంకెళ్ళు వేస్తుంటే మేడమ్ తలెత్తింది. "నలభై కుదరదు," అంది. "ముప్పై."