బరువు తగ్గిన బెదిరింపు

భావన ఫోన్ మోగింది. మెయిల్. అందులో ఫొటో.

తెరవగానే తెరమీద తన వీపు. పసుపు చున్నీ. ఈ ఉదయం వేసుకున్నదే.

కింద ఒకే వాక్యం: "రేపు ముఖం తీస్తా."

దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్లో ఆమె గది సెల్లార్లో ఉంది. పేరులోనే సెల్లు, లోపల సిగ్నల్ దాదాపు నిల్లు. ఇది నాలుగో ఫొటో. మొదటిది రోడ్డవతల నుంచి తీసింది. ఇది చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

"రోజూ దగ్గరకొస్తున్నాడండి," అంది భావన, ఫోన్ ఎస్సైకి అందిస్తూ.

ఎల్బీనగర్ నుంచి వచ్చిన ఎస్సై వేదవతి ఆ ఫొటోను రెండుసార్లు తెరిచి మూసింది. భావన మెయిల్ తెలిసినవాళ్లు ముగ్గురే. ఓనర్ వెంకట్రావు. వాచ్‌మన్ తీతు. హాస్టల్ వెబ్‌సైట్ చూసే వంశీకృష్ణ. కంప్లైంట్ ఇమ్మని ధైర్యం చెప్పింది కూడా వంశీకృష్ణే.

ముగ్గురినీ సెల్లార్లోకి పిలిపించింది.

తీతు ఫోన్లో భావన ఫొటో దొరికింది. వెంకట్రావు ముఖం వెలిగింది.

"పార్సిల్ ఇచ్చినట్టు సాక్ష్యానికి తీసిన మేడమ్. అందరివీ ఉన్నయ్ చూడున్రి," అన్నాడు తీతు.

వేదవతి చూసింది. నిజమే.

ముగ్గురినీ పైకి పోయి, గేటు ఫొటో తీసి భావనకు మెయిల్ చెయ్యమంది. తనూ వెంట వెళ్లి వాళ్ల వేళ్లనే చూస్తూ నిలబడింది.

కిందికొచ్చి భావన ఫోన్లో తెరిస్తే, వెంకట్రావు ఫొటో మీద లోడింగ్ చక్రం తిరిగింది. తీతు ఫొటో మీదా తిరిగింది. వంశీకృష్ణది ముట్టగానే తెరుచుకుంది.

భావన వెనక్కి జరిగి గోడకు అంటుకుంది.

"పంపేముందు ఇంకో యాప్‌ల పెట్టినవ్. ఎందుకు?" వేదవతి వంశీకృష్ణను అడిగింది.

"సైజు తగ్గించడానికి. అలవాటు మేడమ్," అనేశాడు వంశీకృష్ణ.

"సైట్ జల్ది తెరుచుకోవాలని రోజూ ఫొటోల బరువు తీసేటోనివి. బెదిరింపుకు కూడా తీసినవ్. కెమెరా ఫొటో అయితే గీ సెల్లార్ల తెరుచుకునేసరికి చాయ్ చల్లారుతుండె. ఆమెకొచ్చిన నాలుగూ రెప్పపాటుల తెరుచుకున్నయ్."

వెబ్ కట్టినవాడు అందులోనే చిక్కాడు.

అతని లాప్‌టాప్‌లో ఆ నాలుగు ఫొటోల అసలు ప్రతులూ ఉన్నాయి. ఐదోది కూడా ఉంది. ఇంకా బరువు తగ్గించలేదు. ఈ గది కిటికీలోంచి తీసింది. అందులో భావన నిద్రపోతోంది.

అతన్ని జీపెక్కించారు. వేదవతి కిటికీ గడియ తనే బిగించింది.

భావన ఫోన్ మళ్లీ మోగింది. ఆమె ఉలిక్కిపడింది. కళ్లు మూసుకుని ఫొటో మీద నొక్కింది. మెల్లగా కళ్లు తెరిచింది.

చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

"మా అమ్మ అయ్యుంటుందండి," అంది, ఊపిరి వదిలి.