చివరి గదిలో హాజరు

మా బడిలో చివరి గది మంచిది కాదు.

వడమాలపేట నుంచి ఆటోలో పది నిమిషాలు వస్తే మా బడి. పగలంతా ఆ గదిలో మా తొమ్మిదో తరగతి. పొద్దు గూకితే మాత్రం ఆ వరండాలోకి కుక్క కూడా పోదు. ఎప్పుడో ఒక అయివారు హాజరు పిలుస్తా పిలుస్తా ఆ కుర్చీలోనే ఒరిగిపోయాడంట. పిలవాల్సిన పేర్లు ఇంకా మిగిలిపోయినాయంట... చీకట్లో పిలుస్తాడంట. నేను నమ్మను. అట్లని ఆరు దాటితే ఆ పక్కకు పోను కూడా.

ఇక ఇప్పుడు చెప్పేది వాచ్‌మన్ పాల్ అన్న చెప్పిన సంగతి. చెప్పేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. కాబట్టి సగమన్నా నిజం.

ఆ రోజు తెలుగు సారు నరేంద్ర మంట మీదున్నాడు. కారణం మునిశేఖర్. ఈ ఏడే పాకాల నుంచి వచ్చి చేరాడు. పలకరిస్తే తల ఊపుతాడు, లేదంటే కళ్ళెగరేస్తాడు. పొగరనుకున్నాం.

సారు బెంచీల వరసన ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా పైకి చదివిస్తాడు. రెండో బెంచీ సగానికి రాగానే, మూడో బెంచీలో పిల్లి అరుస్తుంది. లేదా సుద్దముక్క ఫ్యానుకు తగిలి సారు బట్టతల మీద పడుతుంది.

"లెయ్‌రా! బయటికి పో!"

మునిశేఖర్ దర్జాగా లేచి పోతాడు. రోజూ ఇదే తంతు.

ఆ రోజు ఏకంగా బెంచీనే తన్ని పడేశాడు. ముందు బెంచీలో ఉన్న జాహ్నవి కాలు దాని కింద నలిగింది.

"ఎందుకు తన్నినావురా?"

మునిశేఖర్ కళ్ళెగరేశాడు.

"సూడు, ఎంత పొగరుండాదో! రేపు మీ నాయన్ని పిలిపించి టీసీ చేతిలో పెడతా."

టీసీ ఇస్తే వాడికి చదువు అంతటితో సరి. వాళ్ళ నాయనతో పాటు మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి పోవాల్సిందే.

సారు టీసీ కాగితం రాసి, హెడ్‌మేడమ్ బల్ల మీద పెట్టేసరికి ఏడయింది. అప్పుడే కరెంటు పోయింది. పాల్ అన్న టార్చి తెచ్చి సారు చేతికిచ్చాడు.

వరండా కొసన...

ఠప్.

"సార్... ఇనపడిందా?"

"ఎలకలప్పా."

ఠప్. ఠప్.

"ఎలకలు బెత్తం పట్టుకోవు సార్..."

టార్చి ఆర్పి, అడుగులో అడుగేసుకుంటూ పోయారు. చివరి గది తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లోంచి ఒక గొంతు —

"జాహ్నవీ, చదువు... పవిత్రా, చదువు. గట్టిగా, గాడిదా!"

పాల్ అన్న "యేసయ్యా" అని గోడకు అతుక్కుపోయాడు. ఎందుకంటే అది చచ్చిపోయిన అయివారి గొంతు కాదు. పక్కన నిలబడిన నరేంద్ర సారుది! అదే దగ్గు, అదే విసురు. సారు నోరేమో మూసుకునే ఉంది.

"సార్... మీరు ఈడుండారు గదా. ఆడుండేదెవరు?"

సారు తన నోటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"మూడో బెంచీ..." అంది గొంతు. "మునిశేఖర్! లెయ్‌రా. చదువు."

చప్పుడు లేదు.

తర్వాత... ఎవరో పీక నులిమినట్టు —

"ప్... ప్ప్... ప్..."

ఠప్! "మళ్ళీ!"

"ప్... పె... ప్ప్..."

ఠప్! "మళ్ళీ!"

సారు టార్చి వేశాడు.

ఖాళీ బెంచీలు. టేబుల్ దగ్గర ఒక్కడే మునిశేఖర్. చేతిలో చెక్క స్కేలు. కొరుక్కున్న కింది పెదవి మీద నెత్తురు. పుస్తకం మూసే ఉంది. పేరా మొత్తం కంఠతా వచ్చు, నోట్లోంచే రాదు.

"నీకు నత్తి ఉండాదా?" సారు టార్చి కిందికి దించాడు. "ఆర్నెల్ల నుంచి ఒక్క మాట చెప్పలేదే?"

"చె... చ్చె..."

ఆగాడు. కళ్ళెర్రజేసి సారు గొంతు తెచ్చుకున్నాడు. ఈసారి ఒక్క తడబాటు లేదు.

"చెప్తే నవ్వుతారు. పిల్లి మాదిరి అరిస్తే బయటికి పంపిస్తారు. అదే మేలు."

సారు వాడి చేతిలోని స్కేలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"రేపు జాహ్నవికి దండం పెట్టి తప్పయిందని రాసియ్యి. అది మాత్రం వదల్ను," అన్నాడు. "టీసీ కాగితం ఇప్పుడే పోయి చించేస్తా. ముందు ఆ పేరా పట్టు. నేను గూడా నీతో చదువుతా."

టార్చి ఆరిపోయింది.

చీకట్లో రెండు నరేంద్ర సారు గొంతులు ఒకేసారి పాఠం చదవడం మొదలుపెట్టినాయి... ఎక్కడా ఆగకుండా.

పాల్ అన్న కూడా ఎక్కడా ఆగలేదంట, పుత్తూరు రోడ్డు వచ్చేదాకా.