తాపీ మీద సున్నం

అద్దంకి శివార్లలో వెంకాయమ్మగారి పాత ఇటుకల ఇంటి వెనక, దీపాలు పెట్టాక ఎవరూ నడిచేవారు కాదు. నడిస్తే గోడ అవతలినుంచి ముసలి గొంతు... "కాస్త సున్నం పెట్టవూ" అని అడిగేదట. చేత్తో ఇచ్చారో, ఆ చెయ్యి ఇక వదలదు. ఇనుము మీద పెట్టి ఇస్తే మాత్రం దెయ్యం ఏమీ చెయ్యలేదు. ఇది మావైపు పసిపిల్లలకీ తెలుసు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. తాపీ మేస్త్రీ సుభానీ నాతో చెప్పింది చెబుతున్నాను, అంతే.

వెంకాయమ్మ బతికున్నన్నాళ్లూ నోట్లో తాంబూలం, నోటినిండా వంకలు. ఎవరి పనీ ఆవిడకి నచ్చదు. కోడలు సామ్రాజ్యం తోమిన గిన్నెల్ని మళ్లీ తోమేది. ఆవిడ పోయాక కొడుకు భావనారాయణకి పొగాకు ఆరబెట్టే బ్యారన్ పిచ్చి పట్టింది. ఇంటి వెనకగోడ ఎలాగూ ఉబ్బింది, ఇల్లు మొత్తం పడగొట్టి ఆ ఇటుకలతో బ్యారన్ కడతానన్నాడు. గునపాలతో రెండు ముఠాలొచ్చాయి. చీకటిపడగానే గోడ సున్నం అడిగింది. చేతిలో అంతంత ఇనుముండి కూడా ఒక్కడికీ గుర్తురాలేదు, పరుగో పరుగు.

చివరికి పెళ్లాం పోరు పడలేక, ఆదివారంలోగా గోడ బాగైతే సరే, లేదంటే తనే గునపం పడతానన్నాడు.

సామ్రాజ్యం సుభానీని పిలిపించి గుసగుసగా చెప్పింది.

"ఆ గొంతు నాదే మేస్త్రీ... ఆవిడది పందొమ్మిదేళ్లు విన్న గొంతు, ఆ మాత్రం రాదా? నా పిల్లలు పుట్టిన ఇల్లు. నిలబెట్టు, నీకు పుణ్యముంటుంది."

సుభానీ పనిలోకి దిగాడు. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి, ఇటుకల మధ్య సందులు గీకి నింపసాగాడు. సిమెంటు పూస్తే పాత ఇటుక పిండైపోతుందంటాడు. కానీ లోపలివైపూ నింపితేగాని గోడ నిలవదు. లోపలిది వెంకాయమ్మ గది. దాని తాళంచెవి భావనారాయణ మొలతాడుకి కట్టుకు తిరుగుతున్నాడు, గోడ బాగుపడటం ఆయనకి ఇష్టమైతే కదా.

బుధవారం పొద్దుగూకాక సుభానీ తాపీ కడుక్కుంటున్నాడు. ఇటుక ఊడిన కంతలోంచి...

"కాస్త సున్నం పెట్టవూ..."

సామ్రాజ్యంగారు దొంగతాళంచెవి సంపాదించి గదిలోకి చేరారనుకుని సుభానీ నవ్వుకున్నాడు. ఆటకి ఆట — తాపీ మీద ముద్ద పెట్టి కంతలోకి చాపాడు.

"ఇసుక కలిసింది. పళ్లు జాగ్రత్త," అన్నాడు.

తాపీ ఖాళీగా వెనక్కి వచ్చింది. మళ్లీ అడిగింది గొంతు... మళ్లీ పెట్టాడు. అలా శనివారందాకా తట్టలకి తట్టలు. ఆఖరి ముద్ద ఇచ్చి కంత మూసేశాడు.

ఆదివారం భావనారాయణ గునపంతో గోడని పొడిచాడు. కదల్లేదు. తాళం తీసి లోపలికెళ్లి చూశాడు. లోపలి సందులన్నీ నిండి ఉన్నాయి. బ్యారన్‌కి కొత్త ఇటుకలు మాట్లాడతానంటూ వెళ్లిపోయాడు.

లోపలి పని మీరు చెయ్యకపోతే ఇల్లు దక్కేది కాదని సుభానీ సామ్రాజ్యాన్ని మెచ్చుకున్నాడు. ఆమె తెల్లబోయింది.

"నేనా? నువ్వొచ్చాక నేనిటువైపే రాలేదు మేస్త్రీ. గునపాలవాళ్లని భయపెట్టాను గాని నిన్నెందుకు భయపెడతాను?"

గదిలోకి దీపం తెచ్చి చూశారు. ప్రతి సందు మీదా వేలితో రుద్దిన గుర్తులు... అంచుల్లో ఎర్రగా తాంబూలం మరక.

సుభానీ ఎవరో ఆకతాయిల పనేమోనని గొణుగుతూ బయటికొచ్చాడు. శనివారం తొందరలో బయటివైపు ఒక సందు వంకరగా నింపాడు, దిద్దుదామనుకుని మర్చిపోయాడు. ఇప్పుడది శుభ్రంగా గీకేసి... తిన్నగా మళ్లీ నింపి ఉంది.

అది చూడగానే సామ్రాజ్యం పైట సర్దుకుని, చేతులు కట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది.

"అనుమానం లేదు మేస్త్రీ," అంది నెమ్మదిగా. "మా అత్తయ్యే."