అరచుట్టు వదులు

పొద్దున్న ఏడయ్యేసరికి టైలరమ్మ మూడు కప్పుల్లో కాఫీ పోసింది. కూతురి కప్పు చల్లారిపోతోంది. ఆ పిల్ల వరండాలో సైకిలు పక్కన గొంతుక్కూర్చుని టైర్లు నొక్కి చూసుకుంటోంది.

ఆ సైకిలు వాళ్ళ నాన్నది. పెళ్ళికి ముందు సంచులు కట్టుకుని ఊళ్ళు తిరగడానికి కొనుక్కున్న పాత ఇనప బండి. పదహారేళ్ళ కిందట రాళ్ళగని దారి వాలులో కంకర మీద జారి ఆయన కాలు విరిగింది, తలకీ గట్టి దెబ్బే తగిలింది. అప్పట్నుంచీ అది మెట్ల కిందే పడుంది. నెల కిందట ఈ పిల్ల దాన్ని బయటికి లాగి, మడ్‌గార్డులు పీకేసి, సన్న టైర్ల చోట లావుపాటి గళ్ళ టైర్లు ఎక్కించి, వెడల్పు హ్యాండిలు పెట్టి, కొత్త బ్రేకులు బిగించింది. ఎందుకయ్యా అంటే, సరిగ్గా ఆ కంకర దారిలోనే తొక్కడానికట! తారు రోడ్లన్నీ అరిగిపోయినట్టు.

"ఇంకో దారే దొరకలేదా నీకు?" అంది టైలరమ్మ.

"దొరికిందమ్మా. దాన్నిండా లారీలు. ఇక్కడైతే మేకలే."

"మీ నాన్న కాలు చూసైనా బుద్ధి రాదా?"

"మధ్యలో నా కాలెందుకులేవే," అన్నాడు వాచీలు బాగుచేసే ఆ పెద్దమనిషి, కాఫీ ఊదుకుంటూ. "నావి సన్న టైర్లు, ఇవి వేరు. ఎవరైనా తుమ్మితే భూకంపం అనుకుంటావు నువ్వు."

తండ్రీకూతుళ్ళు నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. ఆమె కళ్ళు కూతురి చేతిమీదే ఉన్నాయి. కూతురు ముందు బ్రేకు నొక్కింది. పట్టింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ పట్టింది. "వస్తానమ్మా!" అని గేటు దాటేసింది.

టైలరమ్మ గేటుదాకా పరిగెత్తేసరికి పిల్ల మలుపు తిరిగిపోయింది. ఆ బ్రేకు పట్టకూడదు! నిన్న సాయంత్రం కూతురు ట్యూబు కొనుక్కురావడానికి బజారుకెళ్ళినప్పుడు, బ్రేకు తీగని పట్టి ఉంచే నట్టుని తనే అరచుట్టు వదులు చేసింది. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుమిషను మీద బతికిన మనిషి. మిషనులో దారం బిగించే నట్టు అరచుట్టు వదిలితే మొదటి కుట్టులోనే సంగతి తెలిసిపోతుంది. ఇదీ అంతే అనుకుంది. నొక్కగానే జారుతుంది, పిల్ల విసుక్కుంటుంది, ఇవాళ్టికి ఆగిపోతుంది. ఇంటిముందు పట్టిన బ్రేకు ఎన్నో నొక్కుకి వదిలేస్తుందో ఆమెకేం తెలుసు?

ఫోన్ చేసింది. మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

"ఏవండీ," అంది. ఉన్నదంతా చెప్పింది.

ఆయన కప్పు కింద పెట్టాడు. "మతి పోయిందటే నీకు? కన్నతల్లివేనా?" ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమె మీద అరవడం అదే మొదలు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె ఆయన వెనక స్కూటరెక్కింది.

దారిపొడుగునా ప్రతి మలుపులోనూ పిల్ల పడి ఉంటుందనే చూసింది. లేకపోతే గుండె ఒక్క క్షణం కుదుటపడేది, మరుసటి మలుపు కనపడగానే మళ్ళీ జారిపోయేది. కంకర దారి మొదలైంది. స్కూటరు చక్రాల కింద రాళ్ళు చిట్లుతుంటే ఆయన భుజం గట్టిగా పట్టుకుంది.

వాలు మొదలయ్యేచోట కూతురు బండరాయి మీద కూర్చుని ఉంది. సైకిలు గట్టు పక్కన పడి ఉంది. అరచేతులు గీసుకుపోయాయి, ముఖంలో నెత్తురుచుక్క లేదు. టైలరమ్మ పరుగున వెళ్ళి తలా, భుజాలూ, మోకాళ్ళూ తడిమి చూసింది.

"ఏం కాలేదమ్మా. వాలు దిగబోతూ బ్రేకు నొక్కితే తీగ జారిపోయింది. వెనక బ్రేకు పట్టుకుని గట్టుకి గుద్దేశాను." పిల్ల సైకిలు వైపు చూసింది. "నట్టు నేనే సరిగ్గా బిగించి ఉండను. నువ్వన్నదే నిజం. నాకు చేతకాదు. అమ్మేద్దాం దీన్ని."

టైలరమ్మకి కావలసింది ఆ మాటే. ఊరుకుంటే చాలు, ఇంకెప్పుడూ ఈ దిక్కుమాలిన దారి తొక్కదు. ఆయన ఆమె వైపే చూశాడు. కూతురు తన రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకుంటోంది, వాటిని ఇంక నమ్మలేనట్టు. అది చూసి తల్లి తట్టుకోలేకపోయింది.

"నువ్వు బాగానే బిగించావే. వదులు చేసింది నేను."

కూతురికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "చచ్చిపోయేదాన్ని కదమ్మా," అంది మెల్లగా.

టైలరమ్మ ఆ కంకరలోనే కూలబడి ఏడ్చింది. "భయమేసిందే..."

"భయమేస్తే నాతో చెప్పాలి గానీ సైకిలుతో కాదు!"

"రోజూ చెప్తూనే ఉన్నాగా!"

"తిట్టావు. భయమేస్తోందని ఒక్కసారైనా అన్నావా?"

అనలేదు. ఎవరితోనూ అనలేదు. "ఆ రోజు ఆసుపత్రి వరండాలో నువ్వు నా ఒళ్ళో నిద్రపోతున్నావు," అంది టైలరమ్మ. "లోపల మీ నాన్న ఉన్నాడో లేడో ఎవరూ చెప్పలేదు. నేనింకా అక్కడే కూర్చునున్నానే తల్లీ."

ఆయన అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. కూతురు బండరాయి దిగి వచ్చి తల్లి పక్కనే రాళ్ళమీద కూర్చుంది. "నాకూ ఇప్పుడు భయంగానే ఉందమ్మా," అంది. తల్లి ఆ గీసుకుపోయిన చేతుల్ని తన ఒళ్ళోకి తీసుకుంది.

"వచ్చే ఆదివారం మళ్ళీ వస్తావా ఇక్కడికి?"

"వస్తాను."

టైలరమ్మ కిందికి, ఆ వాలు వైపు చూసింది.

"రా," అంది. "నేను భయపడుతూనే ఉంటాను. అయినా రా."