తప్పులతడక

“చైనా గోడ చంద్రుడి మీద నిలబడి చూసినా కనిపిస్తుందట. తెలుసా మాష్టారూ?”

“కనిపించదు!”

జవాబిచ్చింది మాష్టారు కాదు, తలుపు దగ్గర నిలబడ్డ ఆయన కూతురు. ఒక చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో మందుల సంచి, ముక్కు మీద కోపం.

“చంద్రుడి దాకా వెళ్లిన వాళ్లకి గోడా కనిపించలేదు, గీడా కనిపించలేదు. అదంతా పాత పుకారు. అసలు మీరు స్పీచ్ థెరపిస్టేనా?”

“బోర్డు మీద అలాగే రాశారండి,” అన్నాడతను తాపీగా. “మీరు కాసేపు బయట కూర్చుంటారా?”

“కూర్చోను.”

అన్నట్టే కూర్చోలేదు. నాన్న కుర్చీ పక్కన కాపలా నిలబడింది. ఆమె బాధ ఆమెది. ఏళ్ల తరబడి బడిలో చరిత్ర చెప్పి, ప్రతి శనివారం పిల్లలకు క్విజ్ పెట్టిన మనిషి ఆయన. ఎవరైనా తప్పు చెబితే పెళ్లిపందిట్లో ఉన్నా సరే వదిలేవారు కాదు. అలాంటాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అన్నీ అర్థమవుతాయి గానీ ఒక్క ముక్క గొంతు దాటి రాదు. ఇంట్లో నాన్న గొంతు వినిపించక రెండు నెలలైంది. మళ్లీ వినిపిస్తుందో లేదో డాక్టర్లూ గట్టిగా చెప్పడం లేదు. ఇదిగో, ఈ థెరపిస్టే ఆఖరి ఆశ. ఆ ఆశేమో నోరు తెరిస్తే తప్పులు మాట్లాడుతోంది.

ఇంటికెళ్లాక అమ్మ దగ్గర అతనికి పేరు కూడా పెట్టేసింది. “ఆ తప్పులతడక దగ్గరికి ఇంకెన్నాళ్లు వెళ్లాలమ్మా?”

“మంచి కుర్రాడే,” అంది అమ్మ. “నాన్న గురించి గంటసేపు అడిగి తెలుసుకున్నాడు.”

“తెలుసుకుని ఏం లాభం?”

తర్వాతి బుధవారం పీసా గోపురం వంతు. “కట్టినప్పుడు నిటారుగానే ఉండేది మాష్టారూ. తర్వాతెప్పుడో భూకంపం వచ్చి ఒరిగింది.”

“కడుతుండగానే ఒరిగింది! నేల మెత్తన!” అంది కూతురు.

ఆ పై వారం లిబర్టీ విగ్రహం. “దానికి ఏటా ఆకుపచ్చ పెయింట్ వేస్తారు మాష్టారూ.”

“రాగి రేకండీ అది! చిలుం పట్టి పచ్చబడింది!”

“థాంక్స్, సవరణ గారూ,” అన్నాడతను. ఆ పేరు విని ఆమెకు ఒళ్లు మండింది. నవ్వినప్పుడు అతని కళ్లద్దాలు ఒక పక్కకు జారాయి. విరిగిన కాడకు టేపు చుట్టి ఉంది. కళ్లద్దాల షాపులో పనిచేసే మనిషికి అది చూసి ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

ఒక రోజు షాపులో రద్దీ ఎక్కువై, నాన్నను తెలిసిన ఆటోలో ముందు పంపి, ఆమె ఆలస్యంగా వచ్చింది. మెట్లెక్కి తలుపు అద్దంలోంచి చూసింది.

“ఎండాకాలంలో ఈఫిల్ టవర్ కుంచించుకుపోతుంది మాష్టారూ. ఇనుము కదా, ఎండకి ముడుచుకుంటుంది.”

పెరుగుతుంది, అనబోయింది. చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. లోపల నాన్న కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. ముఖం ఎర్రబడింది. పెదవులు కదులుతున్నాయి. అతను సాయం చేయలేదు, తొందరపెట్టలేదు. ఆయన కళ్లలోకి చూస్తూ, ఇంకెక్కడా పనిలేనివాడిలా కూర్చున్నాడు.

“త... త...”

“చెప్పండి మాష్టారూ.”

“త... తప్పు!”

ఆమె మెట్ల మీదే కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తుండగానే ఇంకో సంగతి తట్టింది. ఇన్నాళ్లూ నాన్న నోటి దాకా వచ్చిన మాటను ప్రతిసారీ లాక్కున్నది తనే.

నాన్నను ఆటోలో కూర్చోబెట్టి మళ్లీ పైకొచ్చింది. “కావాలనే తప్పులు చెబుతున్నారన్నమాట!”

“తప్పు వింటే మీ నాన్నగారు ఊరుకోరని అమ్మగారు చెప్పారు. ఆయన్ని కదిలించేది అదొక్కటే అనిపించింది.”

“మరి నాకు ముందే చెప్పొచ్చుగా?”

“మొదటిరోజే బయట కూర్చోమన్నాను కదండీ.”

“కారణం చెప్పలేదు.”

“చెప్పనిచ్చారా?”

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. “మా ఇంటికి మా నాన్న గొంతు తెచ్చిపెట్టారు. థాంక్స్ అంటే చాలా చిన్నమాట. రేపు షాపుకి రండి, ముందు ఆ టేపు సంగతి చూస్తాను.”

మర్నాడు వానలోనే వచ్చాడు. ఆమె కొత్త ఫ్రేమ్ అతని చెవుల మీద సర్దుతుంటే ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

“గాలి పీల్చుకోవచ్చండీ. అద్దాలే పెడుతున్నాను, ఎక్స్-రే తీయడం లేదు.”

“ఒక నిజం చెప్పనా? క్లియోపాత్రా కాలం, పెద్ద పిరమిడ్ కట్టిన కాలం కన్నా మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన కాలానికే దగ్గర.”

“మళ్లీ మొదలెట్టారా? తప్పు!”

“మీ నాన్నగారిని అడగండి.”

ఇంటికెళ్లగానే అడిగింది. “తప్పు కదా నాన్నా?” మాష్టారు వేలెత్తి కూతురినే చూపించారు. “నువ్వే... తప్పు.” ఓడిపోయి అంత సంబరపడటం ఆమెకు అదే మొదలు.

అలా ఒక్కో మాటా తిరిగొచ్చింది. మొదట కూతురి ముద్దుపేరు, తర్వాత అమ్మను పిలిచే పిలుపు. ఆ పిలుపుకి అమ్మ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చి, “ఏంటండీ?” అని, ఇంకేం అడగలేక కళ్లు తుడుచుకుంది.

చివరికి ఆఖరి క్లాసు వచ్చింది. ఆ రోజు అమ్మ కూడా వెంట వచ్చింది. ఇకపై ఇంట్లోనే సాధన చేస్తే చాలన్నాడు. ఆ మాటకు సంతోషించాలని ఆమెకూ తెలుసు. కానీ బుధవారాలు ఇక మామూలు రోజులైపోతాయన్న దిగులు పట్టుకుంది. అతను కాగితాలు సర్దుతున్నాడు. సర్దినవే మళ్లీ సర్దుతున్నాడు.

“మాష్టారూ, చివరగా రెండు సంగతులు. తప్పో ఒప్పో మీరే చెప్పాలి,” అన్నాడు. “ఒకటి, మీ అమ్మాయికి నేనంటే చిరాకు. రెండు, నాకు మీ అమ్మాయంటే చచ్చేంత భయం. అందుకే పెళ్లి చేసుకుంటారా అని అడగలేకపోతున్నాను.”

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురు ఎప్పటిలాగే జవాబివ్వడానికి నోరు తెరిచింది. తెరిచి, నాన్న వైపు చూసి, మూసేసింది.

మాష్టారు తీరిగ్గా ఇద్దరినీ చూశారు. మాట కూడదీసుకున్నారు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

“మొదటిది... తప్పు.” కాస్త ఆగి నవ్వారు. “రెండోది... ఒప్పే. అయినా... అడుగు.”