బెల్టు అవతలి కొస

మా షాపు రెండు గదులు, మధ్యలో ప్లైవుడ్ గోడ. ముందు గదిలో నేనూ మా మరదలూ టీషర్టుల మీద బొమ్మలు ప్రింటు వేస్తాం. వేసినవాటిని మా తమ్ముడు ఆరబెట్టి, మడతపెట్టి, బండి మీద ఇచ్చొస్తాడు. ముప్పై దాటినా వాడు మాకు చిన్నోడే. వాడి పెళ్ళామైన మా మరదలు కూడా చాటున అలాగే అంటుంది.

ఆ ఏడు వానల్లో సరుకు ఇవ్వడానికని వెళ్ళిన చిన్నోడు తిరిగి రాలేదు. బండి వంతెన కింద దొరికింది. వాడు దొరకలేదు.

ఏడుస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. వాడి ఫొటో, దాని కింద నా ఫోను నంబరు పెట్టి టీషర్టులు వేశాను. వాడి స్నేహితులు అవి తొడుక్కుని బస్టాండ్లూ ఆసుపత్రులూ తిరిగారు. సాయంత్రానికి వానలో తడిసి ముద్దయి వచ్చారు. అందరి పొట్టల మీదా మావాడి ముఖం కారిపోయి ఉంది. కళ్ళు నడుం దాకా జారాయి. మరదలు చూసి ఒక్క కేక పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తప్పు ఇంకుది కాదు. మాది నీళ్ళ ఇంకు. బట్టలో నిలవాలంటే లోపలిదాకా వేడి తగలాలి. ఇన్నాళ్ళూ ఎండలో ఆరేసి, పైన ఇస్త్రీ పెట్టె రుద్దేవాళ్ళం. వానలో ఎండ ఎక్కణ్ణుంచి తేను? వేడిగాలి గన్ను కొన్నాను. పైన ఆరింది, లోపల పచ్చిగానే ఉంది. ఇంకాస్త దగ్గర పెడితే బట్టే మాడింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అరువు తెచ్చిన హీట్ ప్రెస్‌లో పెట్టి నొక్కితే వేడి పలకకి సగం ముఖం అంటుకుని వచ్చేసింది. ఫ్లాష్ డ్రయ్యర్ మంచిదే గానీ, ఒక్కో టీషర్టూ దాని కింద పెట్టి తీస్తూ కూర్చుంటే నా తమ్ముణ్ణి ఎప్పటికి వెతికేది? కావలసింది బెల్టు డ్రయ్యర్. ఈ కొసన పరిస్తే వేడి పెట్టెలోంచి మెల్లగా పాకి ఆ కొసన ఆరి పడుతుంది. కొత్తది కొనడం ఈ జన్మకి మా తరం కాదు.

పాతసామాన్లాయన దగ్గర ఒకటి దొరికింది. ఇంత చవకేమిటని అడిగితే, మూతపడిన షాపుదమ్మా అన్నాడు. ఆటోలోకి ఎక్కిస్తూ, అవతలి కొసన మనిషి లేకుండా నడపొద్దని రెండుసార్లు చెప్పాడు. వేడి బట్టలు కుప్పపడితే అంటుకుంటాయని కాబోలు అనుకున్నాను. అవతలి కొసన ఉండాల్సినవాడి కోసమే కదా నా తిప్పలన్నీ.

యంత్రం గది కంటే పొడుగు. ప్లైవుడ్ గోడకి కన్నం కోయించి, నోరు ముందు గదిలోకి, తోక వెనక గదిలోకి వచ్చేలా పెట్టించాను.

చీకటిపడే వేళకి మొదలుపెట్టాం. బయట వాన హోరు. లోపల కాలిన దుమ్ము వాసన, తడి నూలు వాసన. మరదలు ప్రింటు వేస్తుంటే నేను బెల్టు మీద పరుస్తున్నాను. బెల్టు కిర్రుమంటూ చిన్నోడి ముఖాన్ని లోపలికి తీసుకుపోతోంది. ముందు గడ్డం, తర్వాత ముక్కు. కళ్ళు ఆఖర్న పోతున్నాయి.

కాసేపటికి వెనక గదిలోకి వెళ్ళాను. అన్నీ కింద కుప్పగా పడి ఉంటాయనుకున్నాను. స్టూలు మీద పేర్చి ఉన్నాయి. మడతపెట్టి.

వేడి ఇంకు ఇంకుకి తగిలితే అతుక్కుంటుందని బొమ్మ పైకి ఉంచి, చేతులు వెనక్కి విరిచి పెట్టిన మడత. మా షాపులో అలా మడత పెట్టేది ఒక్కడే.

ఒకటి తీసి గట్టిగా లాగాను. చిట్లలేదు. బకెట్లో ముంచి పిసికాను. ముఖం చెక్కుచెదరలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ తడి గుడ్డ పట్టుకుని నిలబడ్డాను.

వెనక గదిలోకి వెళ్ళావా అని మరదల్ని అడిగాను. మోచేతుల దాకా ఇంకు పూసుకున్న పిల్ల, లేదని తలూపింది. తనూ వెళ్ళి చూసొచ్చింది. గోడకి జారగిలబడిపోయింది.

"ఆయనే వదినా..."

వాడే అయితే వాడు బతికి లేనట్టే. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

నేను వంగి, వేడి కొడుతున్న ఆ నోట్లోకి పిలిచాను.

"ఒరేయ్ చిన్నోడా..."

బెల్టు కిర్రుమంది. చాలా దూరం నుంచి... గుసగుసగా...

"అక్కా... ఇంకోటి వెయ్యి."

వాడి గొంతే. నాకు భయం కంటే ఆశ ఎక్కువైంది. శవమైనా సరే, దెయ్యమైనా సరే, నావాడు నాకు కావాలి.

"ఎలా ఉన్నా పర్లేదు, వచ్చెయ్ రా. ఇది నీ ఇల్లే. నీ పెళ్ళాం ఇక్కడే ఉంది."

వెనక గదిలో స్టూలు కదిలిన చప్పుడు. మరదలు చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తింది. నేను ఆపలేదు. లోపల గడియ పడింది.

అప్పుడు నా ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా, నేనే."

కాలు విరిగిందట. పేరు తెలియని రోగిగా పొరుగూళ్ళో ఏదో ఆసుపత్రిలో పడి ఉన్నాడట. ఇవాళే తెలివొచ్చి, నర్సు ఫోను అడిగి చేస్తున్నాడట. మూలుగుతూనే, సరుకంతా తడిసిపోయింది, తిట్టకు అన్నాడు. అలా అనేవాడు లోకంలో ఒక్కడే. నా తమ్ముడు బతికే ఉన్నాడు. నేల మీద కూలబడి ఏడ్చాను.

"దానికోసారి ఇవ్వక్కా," అన్నాడు.

లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. లోపల మరదలు నవ్వుతోంది. ఇన్ని రోజుల్లో ఇదే మొదటిసారి. ఎవరికో ఏదో మెల్లగా చెబుతోంది... తలుపు తట్టాను. పేరు పెట్టి పిలిచాను.

నవ్వు ఆగింది.

బెల్టు ఆగింది. స్విచ్చి నా పక్కనే ఉంది. వేసే ఉంది.

ఫోన్లో చిన్నోడు హలో, హలో అంటున్నాడు. యంత్రం నోట్లోంచి వేడిగాలితో పాటు అదే గొంతు మెల్లగా అడిగింది.

"ఫోన్లో ఎవరక్కా?"