వంకర జడ

శనివారం పొద్దున్నే అరబా ఇంట్లో మరో దువ్వెన విరిగింది. తాష్కెంటు బజార్లో దొరికే దువ్వెనలన్నీ నున్నగా జారిపోయే జుట్టు కోసం చేసినవి. కూతురు ఎకువా జుట్టు అలాంటిది కాదు. ఒత్తుగా, ఉంగరాలు ఉంగరాలుగా, ఆ ఊరి పొడిగాలికి ఎండిపోయి, లోపలికి వెళ్ళిన దువ్వెనను వెళ్ళినచోటే పట్టేసుకునే జుట్టు.

"అమ్మా, పీకేస్తున్నావు," అంది ఎకువా, పీట మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుని.

"కదలకు. కదిలితేనే నొప్పి," అంది అరబా. ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

మిరేయ్ ఉన్నన్నాళ్ళూ ఈ బాధ లేదు. వైద్యం చదవడానికి కామెరూన్ నుంచి వచ్చిన ఆ పిల్ల నెలకోసారి వచ్చి, పాటలు పాడుకుంటూ ఎకువాకు జడలు వేసి, అన్నం తిని వెళ్ళేది. చదువు పూర్తయింది, శీతాకాలంలో విమానమెక్కేసింది. ఆమె వెనకాలే, అరబా తన దేశం ఘనా నుంచి తెచ్చుకున్న, తలకు రాసే షియా వెన్న డబ్బా కూడా ఖాళీ అయింది. అరబా ఊళ్ళోని దుకాణాలన్నీ తిరిగింది. కొన్న షాంపూ ప్రతిదీ జుట్టును కొబ్బరిపీచు చేసింది. మంచి రోజులన్నీ కట్టగట్టుకుని పోయాయని ఆమె రోజుకోసారి నిట్టూర్చేది.

మామూలు రోజైతే రెండు పిలకలు కట్టి పంపేసేదే. కానీ మర్నాడు నవ్రూజ్, అక్కడివాళ్ళ కొత్త సంవత్సరం పండగ. బళ్ళో ఆడపిల్లల నాట్యం. పట్టుగౌనూ, నెత్తిన కుట్టుపని టోపీ, దాని కిందనుంచి వీపంతా జారే నలభై జడలూ ఉండాలి. మొదటి వరుసలో ఎకువా. చలికాలమంతా పళ్ళు తోముకుంటూ కూడా ఆ అడుగులే వేసింది పిల్ల.

ముందు జుట్టు మెత్తబడితే జడల సంగతి చూడొచ్చనుకుంది అరబా. అప్పుడే ఫ్రిజ్‌లో పులావు కోసం తెచ్చిపెట్టిన గొర్రెతోక కొవ్వు కనిపించింది. తెల్లగా, గట్టిగా ఉంది, వేళ్ళ మధ్య పెడితే కరుగుతోంది. షియా వెన్న కూడా ఇంతేగా అనుకుంది. ఆ తల్లి తెలివిని మెచ్చుకోవాలి. కాస్త వేడిచేసి, కూతురి తలకు దట్టంగా పట్టించి, బడికి పంపించి, కాఫీ కలుపుకుని హాయిగా కూర్చుంది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఎకువా వచ్చి, సంచీ గుమ్మంలోనే పడేసింది. పొద్దున్నుంచీ క్లాసంతా ఎవరింట్లో పులావని ముక్కులు ఎగబీల్చిందట. బడి కాపలావాడి పిల్లి ఇంటి మలుపు దాకా వెంటబడిందట. వరండాలో కూర్చుని పేపరు చదువుతున్న తండ్రి కోబినా ఆపుకోలేక పకపకా నవ్వాడు. అరబాకూ నవ్వొచ్చింది గానీ, కూతురి మొహం చూసి మింగేసింది.

తలంటారు. కొవ్వు వదలడానికి సబ్బు రుద్దితే జుట్టంతా ఒకటే ముద్దయి కూర్చుంది. పైనింటి నోదిరా ఓపా, అంటే నోదిరా అక్క, ఈ గొడవ విని గిన్నెడు పెరుగూ, సీసాడు ఆప్రికాట్ గింజల నూనే పట్టుకుని దిగింది. ఆమెది మనవరాళ్ళందరికీ నలభై జడలు వేసిన చెయ్యి. ఎకువా తలలో వేళ్ళు పెట్టి, ముద్దుగా, "గొర్రెపిల్లమ్మా ఇది," అని, తన చేతకాదని ఒప్పుకుని, నూనె అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

అరబా సొరుగు లాగి కత్తెర తీసింది.

"ఇంక నావల్ల కాదు. కత్తిరించేస్తా. మా ఊళ్ళో బడికెళ్ళే ఆడపిల్లకు జుట్టే ఉండనివ్వరు. నాకూ కత్తిరించారు. నేనేమైనా చచ్చిపోయానా?"

"ఇది మీ ఊరు కాదుగా," అంది ఎకువా. "నీకు బీరువా మీద విగ్గులున్నాయి. నాకు ఇదొక్కటే ఉంది."

"మాటకు మాట చెప్పకు."

"నీకు జడ వేయడం రాదమ్మా. అందుకే కత్తెర తీశావు."

అరబా చేతిలో కత్తెర తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఆగిపోయింది. ఎందుకంటే అది నిజం. ఆరేళ్ళకు బళ్ళో వేసిన రోజునే సొంతూరు కేప్ కోస్ట్‌లో మంగలి ఆమె తల నున్నగా చేశాడు. చదువయ్యేదాకా అదే తల. ఆ తర్వాత జుట్టు సాగదీసే సెలూన్లు, విగ్గులు. జడ నేర్చుకునే వయసులో ఆమె తలమీద జుట్టే లేదు. ఈ ఊళ్ళో వాళ్ళేమో ఆఫ్రికా ఆడమనిషి అనగానే పుట్టుకతోనే జడలు వచ్చని అనుకున్నారు. ఆమె కాదనలేదు. కన్నకూతురి దగ్గర కూడా కాదనలేదు.

కోబినా పేపరు మడిచి లోపలికి వచ్చాడు. సోఫాలో కూర్చుని, కాళ్ళ దగ్గర నేలమీద దిండు వేశాడు.

"కత్తెర అక్కడ పెట్టు అరబా. ఎకువా, ఇలా రా తల్లీ."

తడిచేయడానికి నీళ్ళు అడిగాడు, ఓపా ఇచ్చిన నూనె అడిగాడు, పాపిడి తీయడానికి పెన్సిలు అడిగాడు. చిక్కును కుదుళ్ళ దగ్గర ముట్టుకోలేదు. కొసల నుంచి మొదలుపెట్టి, వేళ్ళతో విడదీసుకుంటూ పైకి వచ్చాడు. ఆ తర్వాత మూడు పాయలు ఆయన వేళ్ళలో ఎప్పుడు కలిశాయో, ఎప్పుడు జడై కిందకు దిగాయో కంటికి అందలేదు.

"నాన్నా, నొప్పి లేదేంటి?" అంది ఎకువా అనుమానంగా.

అరబా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. విశ్వవిద్యాలయంలో పిల్లల్ని గడగడలాడించే ఇంగ్లీషు మాస్టారాయన.

"ఇది నీకెక్కడిదయ్యా?"

ఘనాలో సెకొండి అనే ఊళ్ళో బస్టాండు పక్కన వాళ్ళ పెద్దమ్మకు చెక్కబడ్డీలో సెలూన్ ఉండేదట. బడి అయ్యాక పాయలు అందించడంతో మొదలుపెట్టి, కొన్నాళ్ళకు ఒక్కడే తలలకు తలలు అల్లేసేవాడట. తోటి కుర్రాళ్ళు జడలమ్మ అని పేరు పెట్టారు. ఆ ఏడుపుతో ఇంక జడ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఇదంతా తల ఎత్తకుండా చెప్పాడు.

"ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఒక్కసారైనా చెప్పావా?"

"నీకు రాదని నువ్వు చెప్పావా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎకువా నవ్వింది. ఆ నవ్వు తగిలి వాళ్ళిద్దరూ కూడా కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

సాయంత్రానికి ఒక్క పాయ మిగిలింది, చెవి వెనకాల. "అది నాకివ్వు," అంది అరబా. కోబినా వేళ్ళు చూసి, ఆమె తన వేళ్ళు తిప్పింది. కాసేపు బిగిసింది, కాసేపు వదులైంది, చివరికి ఆ జడ ఎటో తిరిగి తేలింది. సిగ్గుపడి విప్పబోయింది. ఎకువా ఆ చెయ్యి పట్టుకుంది.

"అది ముట్టుకోవద్దు. అది మా అమ్మ వేసింది."

కోబినా దిండు దులిపి మళ్ళీ వేశాడు. "ఇప్పుడు నువ్వు కూర్చో."

అరబా తటపటాయించి, నెత్తిన కట్టుకున్న గుడ్డ విప్పింది. విగ్గుల కింద అణిగిపోయిన పొట్టి జుట్టు. కూర్చుంది. ఆయన వేళ్ళు మాడు మీద మెల్లగా కదులుతుంటే, ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి.

"ఏడుస్తున్నావా? గట్టిగా లాగానా?"

"లేదు," అంది అరబా. "బళ్ళో వేయకముందు మా అమ్మ ఇలాగే కూర్చోబెట్టుకునేది. ఆ తర్వాత నా తల ఎవరూ ఇలా పట్టుకోలేదు."

ఎకువా వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. కోబినా అల్లుతూనే ఉన్నాడు.

మర్నాడు బడి ఆవరణంతా పట్టుగౌన్లే. అరబా విగ్గు లేకుండా, తలకు అంటుకున్న కొత్త జడలతో, ముందు వరుసలో నోదిరా ఓపా పక్కన కూర్చుంది. డప్పు మోగింది. పిల్లలంతా ఒక్కసారి గిర్రున తిరిగారు, జడలన్నీ గాల్లోకి లేచాయి. ఎకువావి కూడా లేచాయి, ఒక్కటి తప్ప. అది చెవి వెనకనుంచి తన దారిన తాను పక్కకు పొడుచుకుని నిలబడింది.

"ఆ ఒక్కటీ అలా ఉందేంటమ్మా?" అంది ఓపా మెల్లగా.

అరబా వెనకవాళ్ళకు కూడా వినబడేలా చెప్పింది. "అది నేను వేసింది ఓపా."